క్రేన్ ఆగినా ఆగని బరువు: గంగన్న గారి పద్దెనిమిదేళ్ల సేవ

1979 నవంబరు పన్నెండవ తేదీన తుబ్లీలోని మన వర్క్‌షాపులో సాధారణ కార్మికునిగా చేరిన శ్రీ గంగన్న గారు, ఈ 1998 మార్చి ముప్పై ఒకటిన క్రేన్ సిగ్నల్‌మన్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. మెట్‌పల్లి ప్రాంతం నుండి ఈ ఎడారి దేశానికి వచ్చిన ఆయన మూడేళ్లలోనే చేతి సంజ్ఞలన్నింటినీ అభ్యసించి, ఆపరేటర్ ఏ దేశస్థుడైనా ఒక్క మాటైనా అవసరం లేకుండా పని నడిపించారు. ఆ నైపుణ్యమే ఆయనను ఒంటరిని చేసిందని మనలో కొద్దిమందికే తెలుసు. పగలంతా నోరు విప్పే పని లేదు. క్యాంపుకు చేరాక తెలుగులో పలకరించే తోడు, పక్క మంచం భీమన్న ఒక్కరే.

1993 మే నెలలో ట్రైలర్ మీది నుండి నాలుగు టన్నుల ఇనుప దూలాన్ని దించుతుండగా, ఎవరో అడ్డు రావడం చూసి గంగన్న గారు ఆపమని పిడికిలి పైకెత్తారు. క్రేన్ తక్షణమే ఆగింది. దూలం మాత్రం వచ్చిన ఊపులోనే ఇంకొంత సాగింది. దాన్ని నిలుపుదామని అక్కడే పనిచేస్తున్న భీమన్న రెండు చేతులూ అడ్డు పెట్టారు. దూలం ఆయనను ట్రైలర్‌కు అదిమివేసింది. తుంటి విరిగిన భీమన్న రెండు నెలల తరువాత స్ట్రెచర్ మీద స్వదేశానికి వెళ్లిపోయారు.

అన్నం సహించని గంగన్న గారు ఒకనాడు ఇంజనీరు సత్యప్రసాద్ గారి ఎదుట నిలిచారు.

“నేను ఆపుమంటె క్రేన్ ఆగింది సార్. మరి బరువెందుకు ఆగలే?”

“క్రేన్‌కి బ్రేకుంది గంగన్నా, బరువుకి లేదు. కదిలేదాన్ని ఏదో ఒక బలం ఆపేదాకా అది పోతానే ఉంటాది. ఎంత బరువైతే ఆపడానికి అంత బలం కావాలి. నువ్వు దాన్ని ఎంత తోస్తే అదీ నిన్ను అంతే తోస్తాది.”

“అయితే తప్పు నా చేతిదేనా?”

“నువ్వు ఆపకపోతే ముందున్నోడు పోయేవాడు.”

ఆ సమాధానంతో ఆయన మనసు పూర్తిగా కుదుటపడిందని చెప్పలేము. కానీ ఆనాటి నుండి కొత్తగా చేరిన ప్రతి కార్మికునికీ, గాలిలో వేలాడే అరటన్ను తొట్టికి కట్టిన తాడు చేతికిచ్చి, తొట్టిని మెల్లగా ఊపి, ఆపి చూడమనేవారు. ఆ తాడు తమను ముందుకు లాక్కుపోయినప్పుడు వారికి చలన నియమం ఏ పుస్తకమూ అక్కరలేకుండా తెలిసివచ్చేది. వేలాడే బరువును తాళ్లతోనే మళ్లించాలనీ, చేతితో తాకరాదనీ ఆయన పెట్టిన కట్టుబాటు వల్ల ఈ ఐదేళ్లలో మన యార్డులో ఒక్కరికీ దెబ్బ తగలలేదు. ఆ పాఠం కూడా సంజ్ఞలతోనే సాగింది. పక్క మంచానికి వచ్చినవారెవరికీ తెలుగు రాదు. భీమన్నకు రాసిన ఉత్తరాలకు రెండు జవాబులే వచ్చాయి.

మొన్నటి తేనీటి విందులో, ఊరికి వెళ్లి ఏం చేస్తావని సత్యప్రసాద్ గారు అడిగినప్పుడు గంగన్న గారు ఇలా అన్నారు.

“మాట్లాడుడు మల్ల నేర్చుకోవాలె సార్. చేతులూపితె మా ఇంటోళ్లకు సమజ్ గాదు.”

ఎవరమూ నవ్వలేకపోయాము. శ్రీ గంగన్న గారికి నిండు ఆరోగ్యం, దీర్ఘాయువు సిద్ధించాలనీ, ఆయన ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెబుతుంటే తొందరపెట్టక వినేవారు ప్రతి సాయంత్రం ఆయన పక్కన కూర్చోవాలనీ మనసారా కోరుకుంటున్నాము.