మనాది తెలిసిన డాక్టరు

అధ్యక్షులు ఖయ్యూం సాబుకు, దవాఖాన పెద్దలకు, మగ్గాలు ఆపుకుని వచ్చిన మా వాడకట్టు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ఇవాళ కొలువు విరమిస్తున్న మా డాక్టరు సాంబయ్య గారికి ఈ హనుమండ్లు దండాలు. రాచపుండు, అదే క్యాన్సరు, కోసి తీసిన చెంప నాది, మాట కొంచెం ఒరిగి వస్తుంది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తరవాత నవ్వించే పని నేను చూసుకుంటాను. (నవ్వులు)

కొన్నేళ్ల కింద హైదరాబాదులో కోసి, రేడియేషన్ కరెంటు పెట్టి, "ఇగ బతికినట్టే పో" అని పంపించారు. బతికానన్న మాటేగానీ బతకాలని లేదు. అద్దం చూస్తే ఏడుపు, జావ గిన్నె చూస్తే ఏడుపు. కట్టు మార్పించుకోవడానికి మన కరీంనగర్ దవాఖానలో చేరి గోడవైపు తిరిగి పడుకున్నాను. మగ్గం మీద చీర సగంలో ఉందని మా ఇంటామె కమలవ్వ గుర్తుచేస్తే, "కోసెయ్యి" అన్నాను. నేతగాడు ఆ మాట అన్నాడంటే ఆశ వదిలినట్టే.

అప్పుడే బందరు నుంచి బదిలీ మీద వచ్చిన ఈ డాక్టరు గారిని పట్టుకుని కమలవ్వ ఏడ్చింది. "సారూ, పుండు మానుతున్నది గని గీయనకు మనాది పట్టింది. గా మనాదితోటే పోతడు!"

డాక్టరు గారు ఎంతో మర్యాదగా, "పునాదా? శుభం తల్లీ! ఎన్ని గదులు వేస్తున్నారు?" అన్నారు. (సభలో పెద్ద నవ్వులు)

ఎక్కడినుంచి వచ్చిందో నాకు నవ్వు, చెంప గుంజుతున్నా ఆగలేదు. "ఓ అవ్వా, నవ్విండు! మా ఆయన నవ్విండు!" అని కమలవ్వ వార్డంతా వినబడేలా అరిచింది. అదిగో, కొంగు అడ్డం పెట్టుకుని ఇప్పుడూ నవ్వుతోంది.

డాక్టరు గారు సిగ్గుపడ్డారుగానీ ఆ మాట నేర్చుకోకుండా వదల్లేదు. పక్కన కూర్చుని, "మనాదంటే ఏమిటో మీరే చెప్పండి" అన్నారు. లోపల్లోపల కుంగిపోవడం, ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం, రేపు అనేది ఉందంటే నమ్మలేకపోవడం... చెబుతూ చెబుతూ బోరుమన్నాను. ఆయన ఏడవొద్దనలేదు, లేచీ పోలేదు. సగం బరువు ఆ ఏడుపుతో దిగింది, మిగతా సగం దిగేదాకా ఆయన రోజూ వచ్చి కూర్చున్నారు. ఆనాటి నుంచి రాచపుండు వచ్చిన ఏ మనిషినైనా ఆయన మొదట అడిగేది, "మనాది ఎట్లుంది?" అనే. బందరు యాసలో మా మాట! (చప్పట్లు)

నేను కోలుకున్నాక నన్నూ అలాంటి రోగుల దగ్గర కూర్చోబెట్టారు. "నా మాటకంటే మీ చెంపే వాళ్లకు ధైర్యం, హనుమండ్లు గారూ" అన్నారు.

మరి ఈయన బందరు రైలెక్కితే ఆ మాట అడిగేదెవరు? ఈ ఫికర్‌తో నాకు ముద్ద దిగడం లేదు. పొద్దున ఉండబట్టలేక, "సారూ, మీరు పోతే మేమేం గావాలె?" అన్నాను. "నేను ఊళ్లో లేనప్పుడు ఎవరు అడిగేవారు?" అన్నారాయన. ఆలోచిస్తే నేనే!

డాక్టరు గారూ, ఇప్పుడు కప్పబోయే శాలువా మా మగ్గం మీదిదే. బందరు ఉక్కపోతలో కప్పుకోలేరుగానీ, పెట్టెలో దాచుకోండి. మిమ్మల్ని విడవడం నాకు కష్టంగానే ఉంది, దాచేదేముంది. కానీ వార్డులో లక్సెట్టిపేట రాయమల్లు నిన్నటి నుంచి ఎవరితోనూ పలకడం లేదు. సన్మానం కాకముందే లేచి వెళ్లడం తప్పని తెలుసు, పెద్దలు మన్నించాలి. విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను పోయి రాయమల్లు పక్కన కూర్చోవాలి, సెలవు.