ఫ్రీగా దొరికిన మంత్రగత్తెలు

ముందు ఆ చెంచా కింద పెట్టండి వదినా. టీలో నేనేం కలిపానో వెతికింది చాలు. పంచదార. అంతే!

మీ తమ్ముడు ఏం చెప్పి రప్పించారు మిమ్మల్ని? "మా ఆవిడ చేతబడి నేర్చుకుంటోంది, వచ్చి ఫోన్ లాక్కో అక్కా" అనా? ఆయనకేం, చేతుల్లేవా? భయం! కప్పని చేసేస్తానని. నేను కొత్తగా చెయ్యడానికి ఏం మిగిలిందని!

అసలు సంగతి వినండి. పాత పుస్తకాలు ఊరికే ఇచ్చే లైబ్రరీ ఒకటి నెట్‌లో దొరికింది. నేను పనిచేసే మందుల షాపులో మధ్యాహ్నం ఈగలు తోలుకునే వేళ చదువుకుందామని దించుకున్నాను. మంత్రగత్తెల చరిత్ర. చరిత్ర, వదినా! కొత్త మతం రాకముందు చెట్టుకీ చంద్రుడికీ మొక్కుకున్న జనం గురించి. పేగన్లంటారట వాళ్ళని.

పొదుపని మీతో సహా ఇంటిల్లిపాదికీ ఒకే అకౌంట్ పెట్టిన మహానుభావుడెవరు? మీ తమ్ముడే. నా పుస్తకం అట్ట మీది చీపురెక్కిన ముసలమ్మ ఆయన ఆఫీసు మీటింగులో పెద్ద తెర మీద ప్రత్యక్షమైతే, తప్పు నాదా?

అప్పట్నుంచీ అత్తయ్య నా చేతి దగ్గుమందు ముట్టట్లేదు. ఊరందరికీ మందులిచ్చేది నేనే. ఇంట్లో మాత్రం విషం పోస్తానట!

ఏంటీ? "సంసారం చేసుకునేవాళ్ళకి అవెందుకు" అంటారా? మరి నేనింకా మూడో అధ్యాయంలో ఉంటే, ఏడో అధ్యాయం దాకా వెళ్ళిందెవరు? ఒకే అకౌంట్ కదా, ఎవరెక్కడ ఆపారో కనిపిస్తుంది. మీ ఫోనే!

అయ్యో, పొలమారిందా? మెల్లగా... తాగారన్నమాట!

సరే, చెప్పండి. నేను ఆపిన చోట ఒక మంత్రసానిని కోర్టులో నిలబెట్టారు. పక్కింటాయన ఆవు పాలివ్వడం మానేసిందని. ఆ ఆవునడిగారా ఎవరైనా? చివరికి ఏమైంది ఆవిడ?

ఊఁ. తగలబెట్టారా. అనుకున్నాను.

ఫోన్ మాత్రం ఇవ్వను. షాపు ఆర్డర్లన్నీ అందులోనే. అది పోతే ఉద్యోగం పోతుంది. మీ తమ్ముడికి కావలసిందీ అదే, చేతబడి ఒట్టి వంక.

ఒక్కటి ఒప్పుకుంటాను. మంత్రం కోసం వెతికిన మాట నిజమే. నేను మాట్లాడుతుంటే మీ తమ్ముడు తలెత్తి వినే మంత్రం, ఒక్కపూట పనిచేసినా చాలనుకున్నాను. అన్ని పుస్తకాల విషయసూచికలూ గాలించాను. లేదు.

ఎలా ఉంటుంది చెప్పండి? మంత్రమే వచ్చుంటే, అంతమంది ఆడవాళ్ళు మంటల్లో నిలబడి కాలిపోతారా, వదినా?