పదకొండుంపావుకి లాగిన్

సర్వర్ల గదిలోకి అతన్ని పిలిచి, ఆమె తలుపు మూసింది.

"ఆ పాత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అప్‌డేట్ కాకుండా ఎందుకు ఆపి ఉంచానో నీకు తెలుసు కదరా?"

"తెలుసక్కా. బస్సు టికెట్ల ప్రోగ్రామ్ దాని మీదే నడుస్తుంది."

"మరి నిన్న సర్వర్‌కి కొత్త ప్యాచ్‌లు ఎక్కిస్తూ దాన్నీ ఎందుకు మార్చావు? నిన్నట్నుంచి బస్టాండులో ఒక్క టికెట్టూ రావట్లేదు."

"ఒక్కొక్కటీ చూసే ఓపిక లేక, అన్నీ ఒకేసారి ఎక్కించేశా."

"సరే, పొరపాటు ఎవరైనా చేస్తారు. నా పాస్‌వర్డ్‌తో ఎందుకు చేశావు? పైగా మేనేజర్ అడిగితే అక్కే చేసిందన్నావట!"

"మీరు సీనియర్ కదా, మిమ్మల్నైతే ఒక మాట అని ఊరుకుంటారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదక్కా."

"నా పేరుతో లాగిన్ అయిన టైమ్ లాగ్‌లో చూశావా? పదకొండుంపావు. అప్పుడు నేనెక్కడున్నాను?"

"అక్కా..."

"చెప్పరా."

"మా అమ్మ దగ్గర, ఆస్పత్రిలో."

"పనుంది, కదల్లేను, అమ్మ కంటి ఆపరేషన్‌కి మీరే తోడెళ్లండని కాళ్లావేళ్లా పడ్డావు. లోపలికి తీసుకెళ్లేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు."

"మేనేజర్‌కి చెప్పేస్తారా?"

"చెబితే సాక్ష్యానికి మీ అమ్మనే పిలవాలి. రేపు కట్టు విప్పుతారట. ముందు నీ మొహమే చూస్తానంటోంది. వెళ్లి చూపించు."