శుక్రవారం బయటికి రాని ఆర్సీ

నా పేరు యేసుమణి. భర్త గిద్యోను, చనిపోయినాడు. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డులో అరవై ఎనిమిది అని ఉందంట, అది రాసినవాళ్ళని అడగాలి. వృత్తి కూలి. వయసులో ఉన్నప్పుడు మార్కాపురం పలకల క్వారీలో రాళ్ళు మోసినాను. తర్వాత ఇరవై ఐదేళ్ళు కంభంలో సీతారామాంజనేయులు శెట్టి గారి పప్పుల దుకాణంలో పప్పు చెరిగినాను, దుకాణం ఊడ్చినాను. నివాసం కంభం, చర్చి వెనక వీధి. నాకు చదువు రాదు. ఊరూరికీ పలకలు పంపినచోట పని చేసినాను గానీ ఒక్క పలక మీదా నా చేత్తో రాసింది లేదు. నేను చెప్పేది హెలెన్ అనే కానిస్టేబుల్ అమ్మాయి ఎస్సై గారి ముందర రాస్తున్నది. నేను చెప్పినట్టే రాయమన్నాను, సొంపు చెయ్యవద్దన్నాను.

ఈ కేసులో దొంగ అని రాసుకున్న స్టీఫెన్ నా కొడుకు. శెట్టి గారి కారు మూడేళ్ళుగా నడుపుతున్నాడు. శెట్టి గారి ఫిర్యాదును మొన్న ఎస్సై గారు నాకు చదివి వినిపించినారు. ఇంటివాళ్ళని కాశీకి, గోరఖ్‌పూరుకి కారులో పంపినాననీ, గోరఖ్‌పూర్ స్టేషన్‌లో వాళ్ళని దించి స్టీఫెన్ కారుతో పారిపోయినాడనీ అందులో ఉంది. అది అబద్ధం. కారు నేపాలు దేశంలో ఉంది. నా కొడుకు ఆ కారు పక్కనే ఉన్నాడు. దొంగిలించినవాడు ఎక్కడైనా ఆ బండికి కాపలా కూర్చుంటాడా. ఇది రాయి అమ్మా.

శెట్టి గారి భార్య గాయత్రమ్మకు ముక్తినాథ్ మొక్కు ఉంది. అది నేపాలులో మంచు కొండల మీద ఉన్న గుడి. శెట్టి గారు దుకాణం వదిలి రాలేనన్నారు. గాయత్రమ్మ, ఆమె అత్తగారు, కొడుకు ఫణికృష్ణ పోవాలని అనుకున్నారు. ఇంటి కారు ఉండగా దండుగ ఎందుకని కారులోనే బయల్దేరినారు.

స్టీఫెన్ ఎప్పుడూ దేశం దాటి బండి నడపలేదు. అందుకని మార్కాపురం పోయి నాగేంద్ర అనే డ్రైవరును అడిగినాడు. నాగేంద్ర రెండుసార్లు యాత్రికులను నేపాలు తీసుకుపోయి వచ్చినవాడు. స్టీఫెన్ ఇంటికి వచ్చి అన్నం తింటూ నాకు అన్నీ చెప్పినాడు. మరచిపోకుండా ఉండడానికి నాకు చెప్పుకోవడం వాడికి చిన్నప్పటి అలవాటు. సరిహద్దు దాటితే ఫోన్‌లో చూపించే ఆర్సీ పనికిరాదు, ఒరిజినలే కావాలి. కారు ఎవరి పేరున ఉందో ఆయన కారులో లేకపోతే, ఈ డ్రైవరు నా ఇష్టంతోనే నడుపుతున్నాడని ఆయన సంతకంతో లెటరు కావాలి. మన ఇన్సూరెన్సు సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది, నేపాలుకని ముందే వేరేగా రాయించాలి. మనుషులకు ఓటరు కార్డులు ఉండాలి. సరిహద్దులో కారుకి ఇన్ని రోజులని ఒక చీటీ ఇస్తారు, తిరిగి దాటేదాకా అది కారులోనే ఉండాలి, ఆ రోజులు దాటకూడదు. ఇవన్నీ పెట్టుకోవడానికి జిప్పు ఉన్న కవరు కొన్నాడు. లైసెన్సు ఒక అరలో పెట్టినాడు. మిగతా అరలు చూపించి, ఇది ఆర్సీకి, ఇది లెటరుకి అన్నాడు.

బుధవారం పొద్దున దుకాణంలో నేను వాకిట కూర్చుని కందిపప్పు చెరుగుతున్నాను. స్టీఫెన్ వచ్చి శెట్టి గారిని అడిగినాడు.

"శెట్టి గారూ, ఆర్సీ ఒరిజినల్ కావాల. మీ సంతకంతో ఒక లెటరు కావాల. ఇన్సూరెన్సు ఆఫీసోళ్ళకి నేపాలు పోతాండామని చెప్పి రాయించాల."

"ఏందిరా, బండి నడిపేటోడివా, ప్లీడరువా? చూద్దాంలే, పో."

గురువారం మళ్ళీ అడిగినాడు. శెట్టి గారు గిద్దలూరులో పెళ్ళికి పోతూ, వచ్చినాక ఇస్తానన్నారు. రాత్రి వచ్చినారు, ఇయ్యలేదు. దారి ఖర్చుల డబ్బు మాత్రం ఆ రాత్రే పెట్టెలోంచి తీసి ఫణికృష్ణ చేతికిచ్చినారు. ఎందుకంటే తెల్లారితే శుక్రవారం. శుక్రవారం వాళ్ళ ఇనప్పెట్టెలోంచి ఏదీ బయటికి పోదు. పోతే లక్ష్మీదేవి పోతుందంట. ఇరవై ఐదేళ్ళు చూసినాను, శుక్రవారం నా కూలి కూడా శనివారమే ఇచ్చేవాళ్ళు. డబ్బు గుర్తొచ్చింది వాళ్ళకి. కాగితం గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దున పంతులు పెట్టిన ముహూర్తానికి కారు దుకాణం ముందర పెట్టినారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినారు, టెంకాయ కొట్టినారు. స్టీఫెన్ జిప్పు కవరు పట్టుకుని అడిగినాడు.

"అమ్మా, ఆర్సీ ఒక్కటి ఇప్పించండి."

గాయత్రమ్మ అప్పటికే కారులో కూర్చుంది. "ఇయ్యాల శుక్రవారం. అమ్మవారి పటం కింద ఉండేదాన్ని తీసి బయటికి పంపుతామా? నీకు తెలీదా?" అంది.

వాళ్ళ ఆర్సీ కార్డు ఇనప్పెట్టెలో లక్ష్మీదేవి పటం కింద ఉంటుంది. దీపావళికి బంగారానికి పెట్టినట్టే దానికీ పసుపు కుంకుమ పెడతారు. పెట్టె ముందర ఊడ్చేది నేను. నాకు అక్షరాలు తెలియవు గానీ బొట్టు ఉన్న కార్డు ఏదో తెలుసు. వాళ్ళ పద్ధతి తప్పని నేను అనను. ఆదివారం ఆరాధన విడిచి కూలికి రమ్మంటే నేనూ పోను. ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ నమ్మకం వాళ్ళది, ఖైదు మావాడిదా? ఇది కూడా రాయి.

ఫణికృష్ణ నవ్వినాడు. "ఫోన్‌లో ఉంది కదన్నా. ఇదిగో జిరాక్సు. నువ్వు ఏ కాలంలో ఉండావు?"

అప్పుడు నేను లేచినాను. "శెట్టి గారూ, బిడ్డ మూడు దినాల నుంచి అడుగుతాండాడు. లెటరన్నా రాసియ్యండి. సంతకానికి శుక్రవారం ఏంది?" అన్నాను.

"దుకాణం స్టాంపు పెట్టెలో ఉంది," అన్నారు శెట్టి గారు.

"బయల్దేరేటప్పుడు అడ్డం మాట్లాడుతుంది చూడు ముసల్ది," అంది గాయత్రమ్మ.

స్టీఫెన్ నా వైపు చూసి, కళ్ళతోనే వద్దన్నాడు. కారు ఎక్కినాడు. నిమ్మకాయలు నలిగినాయి. జిప్పు కవరులో లైసెన్సు ఉన్న అర ఒకటి, జిరాక్సు పెట్టిన అర ఒకటి, ఏమీ లేని అరలు రెండు. వాడు బుధవారం అడిగినాడు, ఇయ్యలేదు. గురువారం అడిగినాడు, ఇయ్యలేదు. శుక్రవారం అడిగినాడు, ఇయ్యలేదు.

తర్వాతది స్టీఫెన్ ఫోనులో నాకు చెప్పింది. సరిహద్దులో జిరాక్సు చెల్లదన్నారు. ఫణికృష్ణ ఎవరో మధ్యమనిషిని పట్టుకుని మాట్లాడి, కారుకి ఐదు రోజుల చీటీ తెచ్చినాడు. గుడి చూసినారు. దిగి వచ్చినాక పోఖరా అనే ఊళ్ళో చెరువు బాగుందని గాయత్రమ్మ ఇంకో రోజు ఉందామంది. చీటీ అయిపోతుంది అమ్మా అని స్టీఫెన్ చెప్పినాడు. ఒక్క రోజుకి ఏం కాదులే అని ఫణికృష్ణ అన్నాడు. ఆ ఒక్క రోజు మరుసటి దినమే దారిలో పోలీసులు ఆపినారు. చీటీ గడువు దాటింది. ఆర్సీ అడిగితే జిరాక్సు. కారు ఎవరిదంటే కంభంలో ఉన్నాయన. ఆయన లెటరు అంటే లేదు. ఆ పోలీసులను నేను ఏమీ అనను, అడగాల్సిందే అడిగినారు. కారును ఆపేసినారు. స్టీఫెన్ లైసెన్సు, ఓటరు కార్డు తీసి పెట్టుకున్నారు. జరిమానా కట్టి, ఒరిజినల్ ఆర్సీ, యజమాని లెటరు చూపిస్తే కారునూ మనిషినీ వదులుతామన్నారు.

శెట్టి గారి ఇంటివాళ్ళు జీపు బాడుగకు మాట్లాడుకుని సరిహద్దు దాటినారు. గోరఖ్‌పూరులో రైలెక్కినారు. ఫిర్యాదులో ఆ రైలు ఒక్కటి నిజం. జీపు ఎక్కేముందు ఫణికృష్ణ నా కొడుకుతో, "రెండు దినాల్లో కాగితాలు పంపిస్తాం. బండి విడిచి యాడికీ పోవద్దు స్టీఫెనన్నా," అన్నాడంట. వాడు పోలేదు. ఆ మాటకే కట్టుబడి కూర్చున్నాడు.

వాళ్ళు వచ్చిన మరుసటి రోజు పొద్దున నేను దుకాణానికి పోయినాను. గాయత్రమ్మ ఎదురింటి గంగమ్మకు ఫోన్‌లో ఫోటోలు చూపిస్తున్నది. నన్నూ చూడమంది. తెల్లటి కొండ, దాని ముందర మన కారు. కారు పక్కన గాయత్రమ్మ అత్తగారు కోతి టోపీ పెట్టుకుని నిలబడింది. వెనక స్టీఫెన్ రెండు భుజాలకి రెండు హ్యాండ్ బ్యాగులు తగిలించుకుని, చేతిలో ఆడవాళ్ళ చెప్పులు పట్టుకుని నిలబడినాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు.

"మీవాడు చలికి ముడుచుకుపోయినాడే యేసుమణీ," అంది గంగమ్మ.

ఇంటివాళ్ళు ఆ కారులో గోరఖ్‌పూరు దాటలేదని ఫిర్యాదు. మరి గోరఖ్‌పూరులో మంచు ఎప్పుడు కురిసిందో శెట్టి గారిని అడగండి. గంగమ్మనూ పిలిచి అడగండి, ఆమె వాళ్ళ మనిషే. గాయత్రమ్మ నాకు గుడి ప్రసాదం పటికబెల్లం ఇచ్చింది. మేము తినం. అయినా ఇచ్చింది వద్దనకూడదని కొంగున ముడి వేసుకున్నాను. ఇంటి గూట్లో పెట్టినాను. చీమలు పట్టినాయి. కావాలంటే అదీ తెచ్చి చూపిస్తాను.

ఆ రోజే శెట్టి గారిని అడిగినాను. అది సోమవారం, శుక్రవారం కాదు.

"శెట్టి గారూ, ఆర్సీ, లెటరు పంపండి. బిడ్డ ఆడ ఉండాడు."

"పంపితే జరిమానా ఎవరు కడతారు? పాత బండి అది. ఆడ పట్టుకుంటే ఇన్సూరెన్సు కూడా రాదంట."

"మరి నా కొడుకో?"

"చూద్దాంలే, పో," అన్నారు.

వారం తిరిగేసరికి దొంగతనం కేసు పెట్టినారు. నేపాలులో పట్టుకున్న కారుకి ఇన్సూరెన్సు రాదు. గోరఖ్‌పూరులో దొంగ ఎత్తుకుపోయిన కారుకి వస్తుంది. అందుకని నా కొడుకును గోరఖ్‌పూరులో దొంగను చేసినారు. మూడు దినాలు కాగితాల కోసం బతిమాలినవాడు దొంగ. ఆ కాగితాలు పటం కింద పెట్టుకున్నవాళ్ళు యాత్ర చేసొచ్చిన పుణ్యాత్ములు.

స్టీఫెన్ అక్కడ పగలు కారు పక్కన కూర్చుంటాడు, లారీ డ్రైవర్లు పెట్టింది తింటాడు. టీ కొట్టు మనిషి ఫోన్ ఇస్తే నాకు చేస్తాడు. ఎట్ల ఉండావు అని నేను అడగకముందే, "అమ్మా, కాగితం వచ్చిందా?" అంటాడు. వస్తాంది నాయనా అంటాను. మళ్ళీ చేస్తాడు. "అమ్మా, వచ్చిందా?" వస్తాంది నాయనా. ఇక్కడ తన మీద దొంగ కేసు ఉందని వాడికి తెలియదు. సరిహద్దు దాటితే పట్టుకుంటారని తెలియదు. నేను చెప్పలేదు. ఇంకా వాళ్ళు పంపిస్తారని కూర్చున్నాడు.

నేను పని మానేసినాను. నా చేట నేను తెచ్చుకున్నాను. మొన్న ఆదివారం ఆరాధన అయినాక ఫణికృష్ణ మోటారు సైకిలు మీద మా వీధికి వచ్చినాడు. మా వీధికి రావడం వాడికి అదే మొదలు.

"అవ్వా, నీ వయసుకి స్టేషన్లు, కోర్టులు ఎందుకు? శుక్రవారం మాటలు నేను వినలేదు అని చెప్పు, చాలు. తర్వాత కేసు సంగతి మేము చూసుకుంటాం. దుకాణంలో నీ పని నీకే ఉంటుంది."

"స్టీఫెన్ సంగతి?"

"అదే, చూద్దాంలే."

వాళ్ళ నాయన మాటే వాడి నోట్లో ఉంది.

"నాయనా, నువ్వు ఇంతప్పుడు బేదులు పట్టుకుంటే, మీ అమ్మ ముక్కు మూసుకుని నిలబడితే, గోదాము వెనక నీకు కడిగిన చేయి ఇది. ఈ చేత్తోనే వేలిముద్ర పెడతా. పో," అన్నాను. వీధిలో ఆడవాళ్ళు నవ్వినారు. మోటారు సైకిలు రెండుసార్లు తన్నితే గానీ స్టార్టు కాలేదు.

నేను అడిగేది ఒకటే. శెట్టి గారిని జైల్లో పెట్టమని నేను అడగను. ఆయన ఇనప్పెట్టె తెరిపించండి. లక్ష్మీదేవి పటం కింద బొట్టు పెట్టిన కార్డు ఉంటుంది, దుకాణం స్టాంపు ఉంటుంది. ఆ కార్డు తీయించండి. లెటరు రాయించి ఆ స్టాంపు వేయించండి. గాయత్రమ్మ ఫోన్‌లో ఫోటో చూడండి. ఆ రెండు కాగితాలు నా కొడుకు దగ్గరికి చేర్చండి. రెండు అరలు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాడు.

పై మాటలు హెలెన్ నాకు రెండుసార్లు చదివి వినిపించింది. ఒకచోట, "యజమాని ఆర్సీ ఇవ్వడం మరచినాడు" అని రాసింది. మరవలేదు, ఇయ్యలేదు అని చెప్పి దిద్దించినాను. ఇప్పుడు ఉన్నదంతా నా నోటి మాటే, నా కళ్ళతో చూసింది చూసినట్టు, స్టీఫెన్ చెప్పింది చెప్పినట్టు. ఇందులో ఎవరూ నేర్పింది లేదు, ఎవరికీ భయపడి విడిచిపెట్టింది లేదు. క్వారీ రాళ్ళకి వేలి గీతలు అరిగిపోయినాయి, ముద్ర మూడోసారికి పడింది.

శెట్టి గారి దుకాణానికి ఎల్లుండి పోతామని ఎస్సై గారు అన్నారు. ఎల్లుండి శుక్రవారం సార్. ఆ రోజు ఏమీ బయటికి రాదు. ఇయ్యాల బుధవారం. ఇప్పుడే పోండి. నేను ఈ బల్ల మీదనే కూర్చుంటా.

యేసుమణి ఎడమచేతి బొటనవేలి ముద్ర