మీటరు తిరగని కారు

సర్వీస్ సెంటరు వెనక రేకుల షెడ్డు. లోపల బానెట్ ఎత్తిన కారు. బయట సిమెంటు బల్ల మీద మొగుడూ పెళ్ళాం.

“వదిలేయమంటే ఎలా వదిలేస్తానండీ? నిన్నగాక మొన్న కొన్న కారు. ఇంజిన్ పట్టేసిందని ఆ మేనేజరు ఎంత తాపీగా చెప్తున్నాడో చూశారా, జలుబు చేసిందన్నట్టు?”

“మెల్లగా. వినపడుతుంది.”

“వినపడాలనే. వారంటీ వర్తించదట. ఆయిలు తారులా గడ్డకట్టిందట, తప్పు మనదేనట. మనమేమైనా ఆయిలు తాగేశామా?”

“మార్పించలేదు కదా.”

“మీరు ఎవరి వైపు మాట్లాడుతున్నారు?”

“నీ వైపే. ఎండెక్కుతోంది, ఇంటికి పోదాం పద.”

“నేను రాను. పొద్దుట్నుంచీ చూస్తున్నా, నోరు విప్పితే చాలు నా చెయ్యి నొక్కుతున్నారు. అతని ముందు మీరు నేల చూపులు చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మన కారు పోతే మనమే దొంగల్లా నిలబడాలా?”

“గొడవ పడితే ఇంజిన్ తిరుగుతుందా?”

“ఇంజిన్ తిరగదు. నా బుర్ర తిరిగింది. మీరు టీ అని జారుకున్నాక ఏం జరిగిందో తెలుసా?”

“జారుకోలేదు. టీ తాగాను.”

“ఆ మేనేజర్ని కారు దగ్గరికి లాక్కెళ్ళాను. మీటరు చూపించి కడిగేశాను. చూడవయ్యా, మా పక్కింటాయన స్కూటరు నయం, ఇంతకంటే ఎక్కువ తిరుగుతుంది, ఇంత తక్కువ తిరిగిన బండి ఇంజిన్ ఎలా పోతుంది అని. గొంతు చించుకుంటూ చించుకుంటూ మధ్యలో ఆగిపోయాను.”

“ఎందుకూ?”

“మీరే చెప్పండి ఎందుకో.”

“నాకేం తెలుసు?”

“మీ ఆఫీసు ఊరికి ఆ చివర. రోజూ వెళ్ళి రోజూ వచ్చే బండి. మరి మీటరు మీద అంకె అంత తక్కువ ఎందుకుందండీ?”

“మీటరు పాడైందేమో.”

“మీటరు పాడైంది. ఇంజిన్ పాడైంది. మీరొక్కరే బాగున్నారు.”

“అది కాదు, ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఆగిపోతే...”

“ట్రాఫిక్‌లో ఆగితే దూరం తగ్గిపోతుందా? నా చెవిలో పూలు పెట్టకండి. ఆ మేనేజరు అసలు సంగతి చెప్పాడు. తిరిగింది తక్కువేనమ్మా, కానీ ఒకేచోట నిలబెట్టి గంటలు గంటలు ఇంజిన్ ఆన్‌లో ఉంచారు అని. ఎక్కడ నిలబెట్టారు? ఎవరింటి ముందు?”

“ఛీ. ఏం మాటలవి?”

“అవును, నా మాటలు బాగాలేవు, మీ చేతలు బాగున్నాయి. సెలవు రోజు బయటికెళ్దామంటే నడుం నొప్పి. పాపని బళ్ళో దింపమంటే దారి వేరు. ఇంట్లో కారు పెట్టుకుని పిల్లని ఆటోలో కుక్కి పంపాను. ఎవరి కోసం దాచారండీ?”

“ఎవరి కోసమూ కాదు.”

“పేరు చెప్పండి.”

“పేరూ లేదు, ఊరూ లేదు. కారు మన పార్కింగులోనే ఉండేది.”

“ఏంటి?”

“మన పార్కింగులోనే. వెనక గోడ పక్కన. పొద్దున్నే కిందికొచ్చి, ఎక్కి కూర్చుని, స్టార్ట్ చేసేవాణ్ణి. గేరు వేద్దామంటే చెయ్యి కదిలేది కాదు. చూసి చూసి, దిగి, బస్సెక్కేవాణ్ణి.”

“బస్సా?”

“సాయంత్రం వచ్చాక మళ్ళీ కూర్చునేవాణ్ణి. ఇప్పుడైనా అవుతుందేమోనని.”

“అందుకా బానెట్ వెచ్చగా ఉండేది. ఎంత దూరం నుంచి నడుపుకుంటూ వచ్చారోనని మంచినీళ్ళు పట్టుకుని ఎదురొచ్చేదాన్ని. మరి పెట్రోలు? తోసుకుంటూ వెళ్ళి పోయించారా?”

“పై అంతస్తు వాళ్ళ డ్రైవరు. బంకుకీ, వెనక్కీ. మీటరు మీదున్న కిలోమీటర్లు దాదాపు అన్నీ అతనివే.”

“అంటే డ్రైవరుకి తెలుసు. వాచ్‌మన్‌కీ తెలిసే ఉంటుంది. కట్టుకున్నదానికి మాత్రం తెలియదు.”

“వాచ్‌మన్ నేను ఏసీ వేసుకుని కునుకు తీస్తున్నాననుకున్నాడు.”

“నవ్వించారంటే చంపేస్తాను. భయమైతే భయమని చెప్పడానికి నోరు పడిపోయిందా? అసలు కారెందుకు కొన్నారు?”

“నువ్వే అన్నావు. లారీ గుద్ది పాత కారు నుజ్జయ్యాక, కొత్తది వస్తే అదంతా మర్చిపోతామని.”

“నేను మర్చిపోయాను. చెయ్యి విరిగింది నాకు, రాడ్డు వేసింది నాకు. తప్పు లారీవాడిదని పోలీసులే అన్నారు. మీకు గీత కూడా పడలేదు.”

“అదే. నడిపింది నేను, నాకు గీత కూడా పడలేదు. నువ్వు జడ వేసుకోవాలంటే ఇప్పటికీ పాప సాయం పట్టాలి. స్టీరింగు పట్టుకుంటే నాకు నీ మోచెయ్యే కనిపిస్తుంది. ఏం చెప్పమంటావు?”

“అదే చెప్పమంటాను. ఇన్ని అబద్ధాల బదులు ఆ ఒక్క ముక్క చెప్పమంటాను. నేనేమైనా పరాయిదాన్నా? నా మీద మొహం మొత్తి బయటికి తీసుకెళ్ళడం లేదనుకున్నాను. వంటింట్లో కుళాయి తిప్పి ఏడ్చాను, మీకు వినపడకుండా. దానికి ఎవరిస్తారు వారంటీ?”

“తప్పే.”

“తప్పేనట. తేలిగ్గా అనేశారు. ఇంకో అబద్ధం మిగిలే ఉంది. గేటు దాటని కారు నిన్న ఫ్లైఓవర్ మీదికి ఎలా వెళ్ళింది? అక్కణ్ణుంచే కదా ఇక్కడికి లాక్కొచ్చారు. ఆఫీసుకి పోతుంటే ఆగిందన్నారు నాతో. ఆ డ్రైవరుకి షికారుకిచ్చారా?”

“లేదు.”

“మరి?”

“నిన్న పొద్దున కార్లో కూర్చునుండగా బడి నుంచి ఫోనొచ్చింది. పాప కళ్ళు తిరిగి పడిపోయిందని.”

“అది నాకు తెలుసు. మీరే వెళ్ళి తీసుకొచ్చారు. ఆటోలో.”

“ఆటో ఎక్కింది కారు ఆగిపోయాక.”

“ఏమంటున్నారు మీరు?”

“ఫోను పెట్టేశాక గేరు ఎప్పుడు వేశానో, గేటు ఎప్పుడు దాటానో నాకు తెలీదు. ఫ్లైఓవర్ మీద ఇంజిన్ ఆగిపోయాకే తెలిసింది, నడుపుతున్నది నేనని.”