జాకీ ఎత్తిపొడుపు

పుప్పాలగూడలోని అపార్ట్‌మెంటు సెల్లారు దాటకముందే భీమేశ్వరరావు కొత్త జీపు ఇరుక్కుపోయింది. టాపు మీద బిగించిన నాలుగడుగుల జాకీ పైనున్న నీళ్ల పైపును కరిచి పట్టుకుంది. అవతల గచ్చిబౌలిలో ఆఫీసు మిత్రులు బురదదారుల షికారుకని జీపులతో ఎదురుచూస్తున్నారు. బురదలో ఎవరి బండి దిగబడినా లేపే పూచీ తనదని వాళ్లకు మాటిచ్చింది ఆయనే.

"బండితో వచ్చిన చిన్న జాకీ చాలదని ఇంత పొడుగుది తెచ్చారు. పోనీ, మెకానిక్ చెప్పినట్టు వెనక తలుపుకు బిగించొచ్చు కదండీ!" అంది భార్య జయలక్ష్మి.

"వెనకుంటే ఎవరికి కనబడుతుందే? జాకీ అన్నాక ఎత్తులో ఉండాలి."

"అందుకని సెల్లారులోనే బిగించేశారు, బయటికెలా పోతుందో చూడకుండా."

"ఎత్తిపొడవకు."

"ఎత్తి పొడిచింది నేనా, మీ జాకీయా? పైపు చూడండి."

ఆయన తలెత్తాడు. ముక్కు మీద ఒక చుక్క పడింది.

"ఇంకాస్త కదిపితే అపార్ట్‌మెంటు మొత్తానికి నీళ్లుండవే! ఈ జాకీ లేపుతుందే గానీ దించదు."

"దించడానికి నేను లేనూ? టైర్లలో గాలి తీయండి."

"గాలా?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ మీ గాలి తీస్తున్నానని నన్నంటారుగా. ఇవాళ ఒక్కసారి మీరే తీసుకోండి."

భీమేశ్వరరావు టైరు పక్కన చతికిలబడ్డాడు. గాలి బుస్సుమంది, జీపు కుంగింది, జాకీ పైపును వదిలింది. ఆయన మాత్రం నడుం పట్టేసి, లేవలేక అక్కడే ఉండిపోయాడు. ఇంతలో మిత్రుల నుంచి ఫోను వస్తే జయలక్ష్మే ఎత్తింది.

"బయల్దేరుతున్నారండీ. గాలి కొట్టే పంపు పట్టుకుని మీరే ఓసారి ఇటు రండి. మిమ్మల్ని లేపాల్సినాయన్ని ముందు లేపాలి."