కొత్వాల్ కోడి తోక మీద ఇంటూలు

అమరచింతలో బాలమ్మ చాయ్ బండి దగ్గరున్న బెంచీకి మూడు కాళ్లు ఎప్పుడూ నేల మీదే ఉంటాయి. నాలుగోది మాత్రం కురుమూర్తి మాట్లాడేటప్పుడు గాలిలోకి లేస్తుంది. చేతులు అంతగా ఊపుతాడు. బాలమ్మ చాయ్‌లో పాలు తక్కువైనా జనం రావడం మానకపోవడానికి కారణం ఆ నాలుగో కాలే.

ఆ పొద్దున జ్యోతి టీచర్ నల్ల రంగు డబ్బా, బ్రష్ పట్టుకొని బడికి పోతూ బండి దగ్గర ఆగింది. బడి గోడ సంగతి ఊరందరికీ తెలిసిందే. పిల్లల పత్రికలో కొత్వాల్ కోడి బొమ్మల కథలు వేసే లింగస్వామి సారు గోపాల్‌పేట నుంచి వచ్చి, ఆ కోడిపుంజును గోడ మీద పెన్సిల్‌తో గీశారు. రంగు వేసేలోపే కంటి ఆపరేషన్‌కు పట్నం పోవలసి వచ్చింది. పంద్రాగస్టుకు కోడి తయారు కావాలి.

"కురుమూర్తన్నా, సారు ఫోన్‌ల నీ పేరే చెప్పిన్రు. నువ్వు అప్పట్ల ఆయన పక్కన ఏం పని చేసేటోనివి?" అని అడిగింది టీచర్.

కురుమూర్తి చూపు రంగు డబ్బా మీద పడి అక్కడే ఆగిపోయింది. గోడ మీద సారు పేరు కింద తన పేరు కూడా ఉండాలని కురుమూర్తి కోరిక. ఎవరూ అడగకముందే కొల్లాపూర్‌లో ఉన్న బిడ్డకు ఫోన్ చేసి, "నా పేరు గోడ మీదికెక్కుతది, అల్లుణ్ని తీస్కొని రా" అని ఊరంతా వినపడేలా చెప్పేశాడు కూడా.

"ఏముంది టీచరమ్మా, చిన్న పనే. సారు గీత గీసేటోడు, నేను నలుపు నింపేటోన్ని. కాకి ఉంటె కాకికి, చీకటి ఉంటె చీకటికి. ఆయన ఇంటి అరుగు మీద పక్కపక్కనే కూసునేది. బొమ్మల పడ్డడంటే సారుకు ఈ లోకం తెల్వదు, బ్రష్ తీసి చాయ్‌ల ముంచేటోడు. ‘సార్, అది చాయ్’ అంటె, ‘అట్లనా, మరి నేను తాగిందేందిరా?’ అని అడిగేటోడు. మూతంత నల్లగ."

"గంతేనా?" అన్నాడు మాసయ్య. మాసయ్యకు ఆటో ఉంది. అందులో ఎవరూ ఎక్కరు కనుక, వినడానికి తీరిక కూడా ఉంది.

"గంతే అయితే నీకు చెప్పుడెందుకు తమ్మీ? జర చూస్కొని తాగు, నీ మీసం రంగు చాయ్‌లకు దిగుతది. యాడిదాంక చెప్పిన? ఆ, బ్రష్. ఓనాడు సారు బ్రష్ వెంట్రుకలు ఊడిపోయినయ్. కోడి రెక్కకు సన్న గీత కావాలె. ఉడుత తోక వెంట్రుక తెచ్చిన, నప్పలే. మేకది తెచ్చిన, నప్పలే. ఇగ లాభం లేదని నల్లమల పోయిన. పులి పండుకోని ఉన్నది. మెల్లగ ఒక మీసం పీకిన."

"లేవలేదా?" అంది బాలమ్మ, పొంగుతున్న పాలు వదిలేసి.

"లేవకుంటదా? ‘ఎవడ్రా’ అన్నది. లింగస్వామి సారు కొత్వాల్ కోడి కోసమని చెప్పిన. ‘ఆ ముక్క ముందుగాల చెప్పొద్దా, ఇంకోటి గూడ తీస్కపో’ అన్నది. నెలనెలా పత్రిక సదువుతదట."

"అడవిలకు పత్రిక ఎవరు తెచ్చిస్తరే?"

"పోస్ట్‌మ్యాన్. నెలకొకడు."

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

"అటెన్క ఏమైందో ఎర్కేనా? ఆ మీసంతోని కోడికి ముక్కు గీసి కాయితం ఎండకు పెట్టినం. సిరా ఆరిందో లేదో, కాయితం కూసింది! మిట్టమధ్యాహ్నం కూత. గోపాల్‌పేట అంత మళ్ల తెల్లారిందనుకొని మళ్ల పండ్లు తోముకున్నది. ఆడోళ్లు మళ్ల వాకిలి ఊడ్సిన్రు. వనపర్తి బస్సు, పొద్దుగాల పోయింది, మళ్ల పొద్దుగాల పోయింది. అయినా మన మాసయ్య లేవలే. గిప్పటికి గూడ పూర్తిగ లేవలే."

"నేనప్పుడు ఆ ఊర్ల లేనే లేను కదన్నా!"

"చెప్తున్న కద, లేవలేదని. ఇంకా ఇను. వాన బొమ్మ. సారు మబ్బు గీసిండు, నేను చినుకులు గీసిన. పులి మీసమాయె, ఆగుతదా? చినుకులు కాయితం దాటినయ్. అరుగు తడిసె, వాకిలి తడిసె, వాగు పొంగె, ఆఖరికి జూరాల గేట్లు ఎత్తిన్రు. నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో ఎవనికి తెల్వదు, అందరు పరేషాన్. సారేమో ‘కురుమూర్తీ, జల్ది గొడుగు గియ్యరా’ అన్నడు. గీసిన. ఊరు ఊరంత దాని కిందికే వచ్చి నిలబడ్డది, బర్రెలతో సహా. ఒక్క బర్రె తడవలే."

బెంచీ నాలుగో కాలు ఇప్పుడు జానెడు ఎత్తున ఉంది. కురుమూర్తి చెయ్యి రంగు డబ్బా మూత మీదికి చేరింది.

"గిదంత ఎందుకు చెప్తున్ననంటె టీచరమ్మా, నిన్న పోయి గోడ చూసొచ్చిన. తోక నిండ ఇంటూలే. పాపం సారుకు కండ్లు ఆనక తోక తప్పుపోయింది. అప్పట్ల ఆయన కాయితాల మీద తప్పు కనవడితె నేనే ఇంటూ కొట్టేటోన్ని. ఆయన సిగ్గుపడి దాని మీద నలుపు పూసేసేటోడు. ఇప్పుడు పక్కన నేను లేను కద, తప్పు తెల్సుకొని ఆయనే కొట్టుకున్నడు. నేను నేర్పిన అలవాటే. నువ్వు ఫికర్ చెయ్యకు. ఆ తోక మీద సున్నం కొట్టి నెమలి తోక పెడ్త."

జ్యోతి టీచర్ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, నలుపు నింపేటోన్ని నేనే అంటివి. యాడ నింపాల్నో సారు ఎట్ల చెప్పేటోడు?"

"చెప్పుడెందుకు? చూస్తె తెల్వదా?"

"ఇంటూ పెట్టి చెప్పేటోడు. ఇంటూ ఉన్నకాడ నలుపు నింపాలె. పొద్దున ఫోన్‌ల సారు చెప్పిన మొదటి మాట గదే."

బెంచీ కాలు టక్కున నేలకు తగిలింది. ఇన్నేళ్లలో బాలమ్మ బండి దగ్గర పొయ్యి చప్పుడు వినపడటం అదే మొదటిసారి. కురుమూర్తి డబ్బా మూత మీది నుంచి చెయ్యి తీసుకున్నాడు.

"మరి నా పేరెందుకు చెప్పిండు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"‘కురుమూర్తిని పిలువు, గానీ బ్రష్ మాత్రం చేతికియ్యకు’ అన్నరు. పిల్లలు నలుపు నింపుతుంటె ముంగట కుర్చీ వేసి నిన్ను కూసోబెట్టి, మాట్లాడమన్నరు. ‘నా పక్కన వాడు చేసిన పని గదే. వాడు కోతలు కోస్తుంటే నా చెయ్యి ఆగకపోయేది. కోడి కథలల్ల సగం వాడివే’ అన్నరు."

కురుమూర్తి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ముఖానికి చెమట లేదు.

"బిడ్డను గూడ రమ్మను అన్నా. పేరు గోడ మీద లేకుంటేంది, గోడ ముంగట నోరు ఉంటది కద" అంది టీచర్, డబ్బా ఎత్తుకుంటూ.

మాసయ్య మీసం మాట మరిచిపోలేదు. కురుమూర్తి తల వైపు పరీక్షగా చూశాడు. రంగు వేసి నెల దాటినట్టుంది.

"అన్నా, నెత్తి మీద అక్కడక్కడ తెల్లగున్నది. ఇంటూలు పెట్టాల్నా?"

"పెట్టు" అన్నాడు కురుమూర్తి, టీచర్ వెనకాలే బడి వైపు నడుస్తూ. "గానీ నింపుడు మాత్రం సారే నింపాలె. కండ్లు బాగై రానియ్యి, ఆగుత."